సున్నా మార్కుల మొగుడు

ఈ దేశంలో మర్యాద తెలిసిన మనిషికి వికలాంగుల పింఛను రాదు. ఈ సంగతి మా ఇంట్లో బోధపడడానికి తొమ్మిది నెలలు పట్టింది. అప్పటికి మా ఆయనకు వెన్నులో రెండు ఆపరేషన్లు, నాకు రెండు ఉద్యోగాలు, మా వదినకు మాత్రం పట్టలేనంత పరువు ఉన్నాయి.

మా ఆయన ఈ పరాయి దేశం వచ్చినప్పటి నుంచీ ఒక పెద్ద గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఒకరోజు పై అరలో సరిగ్గా పేర్చని పెట్టెలు జారి వీపు మీద పడ్డాయి. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకోవు, ఎడమకాలు మోకాలి కింద నుంచి తనది కానట్టు వేలాడుతుంది. డాక్టర్లు ఆరు నెలలు చూసి, బాగుపడాల్సింది బాగుపడింది, ఇక ఇంతే అని చెప్పేశారు. కంపెనీవాళ్ళు పూలగుత్తి, ఒక ఉత్తరం, మూడు నెలల జీతం ఇచ్చి దండం పెట్టేశారు. పూలు మూడో రోజుకే వాడిపోయాయి.

నేను ఒక హోటలు లాండ్రీలో పని చేస్తాను. తడి దుప్పట్లను ఇస్త్రీ యంత్రంలోకి ముడత లేకుండా అందించడం నా పని. పొద్దున్నే తొమ్మిదికి ఎక్కితే సాయంత్రం ఆరు దాకా నిలబడే ఉండాలి. ప్రమాదం తర్వాత అది చాలక, తెల్లవారుజామున ఒక ఆఫీసులో మూడు అంతస్తులు ఊడ్చి తుడిచే పని కూడా పట్టుకున్నాను. ఆ పనికీ ఈ పనికీ మధ్య గంటన్నర ఇంటికొచ్చి, ఆయన్ని లేపి, సిద్ధం చేసి, మధ్యాహ్నానికి కావలసినవి చేతికందేలా పెట్టి మళ్ళీ పరిగెత్తాలి. ఆ తర్వాత పగలంతా ఆయన ఒక్కడే.

ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి స్నానాల గదిలో నేల మీద పడి ఉన్నాడు. చెంప నాపరాయికి ఆనుకుని ఉంది.

"ఎప్పుడు పడిపోయారండీ?" అన్నాను.

"పడిపోలేదు. చల్లగా ఉందని పడుకున్నా" అన్నాడు.

చొక్కా తడి ఆరిపోయి ఉంది. అంటే ఆ చల్లదనాన్ని కనీసం రెండు గంటలు అనుభవించి ఉంటాడు. నాకు ముందు నవ్వొచ్చింది. చంకల కింద చేతులు వేసి లేపి మంచం మీద పడేసి, వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఆ ఊడ్చే పని మానేసి, లాండ్రీలో సగం రోజు మాత్రం ఉంచమని అడిగి, మిగతా సగం ఇంట్లో ఉండాలి. ఇంకోసారి ఆయన చల్లగా పడుకుంటే లేపడానికి నేను ఉండాలి. దానికి పింఛను కావాలి.

మా కింది వాటాలో ఫారాల బాబాయి ఉంటాడు. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో పని చేసి రిటైరయ్యాడు. ఈ ఊళ్ళో మనవాళ్ళు ఎవరికి ఏ ఫారం వచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తుతారు. ఫీజు తీసుకోడు, కానీ ఫారం నింపినంతసేపూ ఆయన డిపో కబుర్లు వినాలి. డబ్బిచ్చుకోవడమే తేలిక అనుకునేవాళ్ళూ ఉన్నారు.

"అమ్మాయ్, పింఛను ఒక్కటే కాదు" అన్నాడు బాబాయి, నా జీతం కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని. "అది మంజూరైతే ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని పట్టుకెళ్తే నీ జీతంలో కోసే పన్ను సగానికి సగం తగ్గుతుంది. తక్కువ జీతం, ఇంట్లో పని చేయలేని భర్త. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళకీ వర్తిస్తుంది, పదేళ్ళు దాటితే. మీకు పదకొండేళ్ళు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం బాబాయ్ గారూ?"

"తీసుకునేవాడు పిలిచి చెప్తాడా?"

ఈ మాట మా వదిన చెవిన పడింది. వదిన అంటే మా ఆయన అక్క, పక్క వీధిలోనే కాపురం. విన్న మరుక్షణం ఒంటికాలి మీద లేచింది.

"దేశం కాని దేశంలో చెయ్యి చాచడానికి సిగ్గుండాలి. మా ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటివి తిన్నారా?"

"మా పన్ను వాళ్ళు పదకొండేళ్ళు తిన్నారు కదా వదినా. వాళ్ళకేం సిగ్గేసినట్టు కనబడలేదు" అన్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. అవి నా జీవితంలో ప్రశాంతమైన రోజులు.

ఫారం ముప్పై ఎనిమిది పేజీలు. అది నింపడానికి కూర్చుంటే ముగ్గురికీ తల ప్రాణం తోకకొచ్చింది. ప్రశ్న చదవగానే మా ఆయన 'చేసుకోగలను' అంటాడు. మెట్లెక్కగలరా, ఎక్కగలను. బరువులెత్తగలరా, ఎత్తగలను. వంట చేసుకోగలరా అన్నదానికి కూడా చేసుకోగలను అనేసరికి నాకు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఈయన స్టవ్వు వెలిగించింది రెండుసార్లు. రెండూ సిగరెట్టు కోసమే.

"రాయండి బాబాయ్ గారూ, చేసుకోలేడని" అన్నాను.

బాబాయి కలం ఆపాడు. "రెండు చేతులూ బాగున్నప్పుడు చేసేవాడా?"

"లేదు."

"మరి ఇప్పుడు చేసుకోలేకపోవడం ప్రమాదం వల్ల అని రాయనా, పెంపకం వల్ల అని రాయనా?"

మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. బాబాయి ప్రమాదం అనే రాశాడు. నా వరకు అయితే రెండూ రాయాలి.

ఫారం పంపిన రెండు నెలలకు, మంగళవారం పదకొండింటికి ఒకావిడ ఇంటికొచ్చి ఆయన పరిస్థితి చూసి మార్కులు వేస్తుందని ఉత్తరం వచ్చింది. ఇక్కడ లెక్క తిరకాసు. ఏ పని చేసుకోలేకపోతే ఆ పనికి మార్కులు. పన్నెండు దాటితే పింఛను. అంటే ఎంత చేతకాకపోతే అంత ఫస్టు క్లాసు. సరిగ్గా అదే వారం బాబాయి కంటి ఆపరేషను కోసం కూతురింటికి వెళ్ళాడు. ఆ ఖాళీలోకి మా వదిన దిగింది.

"ఎవరో పైవాళ్ళు ఇంటికొస్తుంటే కొంప ఇలాగా ఉంచేది?" అంటూ సోమవారం నుంచే మొదలుపెట్టింది. కర్టెన్లు ఉతికించింది. సోఫాకు కొత్త గుడ్డ వేయించింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన వాకర్‌ని చూసి, ఇంటికొచ్చిన మనిషికి ఈ ఇనపముక్క కనబడితే ఏం బాగుంటుందని బీరువా వెనక్కి తోసింది. స్నానాల గదిలో ఆయన కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ బాల్కనీలోకి పోయింది. నేనూ తక్కువ తినలేదు. మందుల డబ్బాలన్నీ ఊడ్చి సొరుగులో పడేశాను. సెలవు పెట్టి, పొద్దున్నే ఆయనకు గడ్డం గీసి, తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడిగాను. ఇంటికి మనిషి వస్తున్నారంటే నా చేతులు వాటంతట అవే పని మొదలుపెడతాయి.

గంట మోగింది. నేను వంటింట్లో నుంచి వచ్చేలోపే మా ఆయన లేచాడు. గోడ పట్టుకుని ఎనిమిది అడుగులు వేసి తలుపు తీశాడు. వంగి నమస్కారం పెట్టాడు. పగలు మంచినీళ్ళ కోసం మంచం దిగడానికి ఆలోచించే మనిషి, ఎడమచేత్తో కుర్చీ లాగి ఆవిడకు వేశాడు.

ఆవిడ ముసలితనానికి దగ్గర్లో ఉన్న, మెత్తని మనిషి. కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని, ఫోను బల్ల మీద పెట్టింది. ఫోనులో ఎక్కడి నుంచో ఒక మగగొంతు ఆవిడ మాటల్ని తెలుగులోకి మార్చి చెబుతోంది. ఎలా ఉన్నారని అడిగింది.

"బాగున్నానండి. మీరెలా ఉన్నారు? మెట్లెక్కి వచ్చారు, కాస్త మంచినీళ్ళు తాగండి" అన్నాడు మా ఆయన.

"మా తమ్ముడు చిన్నప్పట్నుంచీ మహా చురుకు" అంది వదిన, ఎవరూ అడక్కుండానే. ఫోను గొంతు అది కూడా మార్చి చెప్పింది. ఆవిడ టైపు చేసుకుంది.

మెట్లెక్కడం వల్ల మోకాలు నొప్పిగా ఉందని ఆవిడ నవ్వుతూ అంది. అంతే, మా ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆసుపత్రిలో తనకు నేర్పిన వ్యాయామం ఒకటి ఉందన్నాడు. కుర్చీలో కూర్చుని, బాగున్న కుడికాలు చాపి, పదిసార్లు ఎత్తి దించి చూపించాడు. రోజుకు మూడు పూటలా చేయమన్నాడు. ఆవిడ కూడా కాలు చాపి చేసింది. టీ కప్పు నా చేతిలోంచి ఎడమచేత్తో అందుకుని తనే ఆవిడకు ఇచ్చాడు. ఎప్పుడైనా పడిపోయారా అంటే, ఎందుకు పడతానండీ అన్నాడు. వెళ్ళేటప్పుడు మెట్ల దాకా సాగనంపాడు. ఆవిడ కళ్ళలో ఎంత ఆప్యాయతో.

"చూశావా, ఎంత గౌరవంగా జరిగిందో" అంది వదిన.

తలుపు మూయగానే ఆయన గోడకు జారి కూలబడ్డాడు. చొక్కా వెనకంతా చెమటతో తడిసిపోయింది. ఆ రోజూ మర్నాడూ మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోయాడు. ఆ రెండు రోజులూ వచ్చి చూసిన అధికారి ఎవరూ లేరు.

మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. సున్నా. దరఖాస్తుదారు స్వయంగా నడిచి తలుపు తీశారు. కుర్చీ జరిపారు. వేడి పానీయం వడ్డించారు. కాలి వ్యాయామం చేసి చూపించారు. ఇంట్లో సహాయక పరికరాలేవీ కనబడలేదు. ఉల్లాసంగా ఉన్నారు. పింఛను తిరస్కరించడమైనది, కాబట్టి పన్ను రాయితీ సర్టిఫికెట్టు కూడా ఇవ్వబడదు.

బాబాయి నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చి ఆ ఉత్తరం చదివాడు. అద్దాలు తీసి మళ్ళీ చదివాడు.

"ఆవిడ పెళ్ళిచూపులకొచ్చిందనుకున్నారా?" అన్నాడు.

వదిన పని గుర్తొచ్చిందని లేచి వెళ్ళిపోయింది. బాబాయి అప్పీలు రాశాడు. విచారణకు రెండు నెలల తర్వాత తేదీ వచ్చింది. ఈసారి కూడా పోతే మళ్ళీ ఏడాది దాకా దరఖాస్తు పెట్టుకోవడానికి లేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఏడాది పాటు రోజంతా ఆయన ఒక్కడే ఇంట్లో ఉండాలని నేను దాన్ని చదువుకున్నాను.

ఇక శిక్షణ మొదలైంది. ఆదివారం ఆదివారం బాబాయి మా సోఫాలో జడ్జిలా కూర్చునేవాడు.

"ఎలా ఉన్నారు?"

"బా..." అని మా ఆయన నోరు మూసుకునేవాడు.

"బాగున్నాను అనకూడదు అబ్బాయ్. మళ్ళీ చెప్పు. ఎలా ఉన్నారు?"

"పర్వాలేదు."

"అదీ వద్దు."

"ఏదో, దేవుడి దయ."

"దేవుడికి మార్కులు లేవు. అదీ వద్దు."

పాపం, ఆయన దగ్గర ఉన్న మాటలన్నీ అయిపోయాయి. ఒంట్లో ఎలా ఉందో చెప్పడానికి మనవాళ్ళు నేర్చుకునేవి ఆ మూడే. నొప్పిగా ఉంది అనడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. చేతకాదు అనడమైతే తిట్టు కింద లెక్క.

చివరి ఆదివారం బాబాయి నన్ను మెట్ల మీదకు పిలిచి, "అమ్మాయ్, నీకొక మాట. ఆ గదిలో అతన్ని ముట్టుకోకు. ఏం జరిగినా సరే. అతని మార్కులన్నీ నీ చేతులే మింగేస్తున్నాయి" అన్నాడు. నాకు సగమే అర్థమైంది.

విచారణ ఒక పాత భవనం నాలుగో అంతస్తులో. పొడవాటి బల్ల, నీళ్ళ జగ్గు, గోడకు గడియారం. బల్లకు అటువైపు ముగ్గురు. మధ్యలో పెద్దావిడ, ఒకపక్క డాక్టరు, ఇంకోపక్క కాగితాలు చూసే మనిషి. మాటలు మార్చి చెప్పే అమ్మాయి ఈసారి స్వయంగా వచ్చి మా ఆయన పక్కన కూర్చుంది. నేనూ బాబాయీ వెనక కుర్చీల్లో.

పెద్దావిడ ఎలా ఉన్నారని అడిగింది.

మా ఆయన వెనక్కి తిరిగి బాబాయి వైపు చూశాడు. చివరికి, "కూర్చున్నానండి" అన్నాడు.

ఆ అమ్మాయి అదే చెప్పింది. పెద్దావిడ తలూపి రాసుకుంది. ఇంతవరకూ నష్టం లేదు. ఆ తర్వాత మాత్రం పాత పాటే. స్నానం ఎవరు చేయిస్తారు, నేనే చేస్తాను. బట్టలు ఎవరు వేస్తారు, నేనే వేసుకుంటాను. ఎప్పుడైనా పడ్డారా, లేదండి. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. నేను పళ్ళు నూరుకున్నాను. పరాయివాళ్ళ ముందు, అందులో ఇద్దరు ఆడవాళ్ళ ముందు, నాకు స్నానం మా ఆవిడ చేయిస్తుందని చెప్పడం కంటే ఈయనకు ఏడాది పాటు నాపరాయి మీద పడుకోవడమే తేలిక. ఆ క్షణాన ఆయన్ని పట్టుకుని కొట్టాలనిపించింది.

డాక్టరు అంతదాకా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అప్పుడు ముందుకు వంగి ఏదో నెమ్మదిగా అడిగాడు.

"మీ చొక్కా పై గుండీలు రెండు విప్పి, మళ్ళీ పెట్టుకుంటారా అని అడుగుతున్నారు" అంది అమ్మాయి.

మా ఆయన ఎడమ బొటనవేలితో రెండూ టకటకా విప్పేశాడు. విప్పి, చూశారా అన్నట్టు తలెత్తాడు. ఆ తర్వాత పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆ గుండీలు రోజూ పొద్దున నేను పెడతాను. ఒక చేత్తో పెడుతూ ఇంకో చేత్తో దువ్వెన అందుకుంటాను. మూడు సెకన్ల పని. ఇప్పుడు ఆ కుడిచెయ్యి అంచును పట్టుకోవాలని వెళుతుంది, వేళ్ళు ముడవవు, గుడ్డ జారిపోతుంది. ఎడమచెయ్యి గుండీని తెచ్చేసరికి కన్నం అక్కడ ఉండదు. నాకు తెలియకుండానే నా చేతులు లేచాయి. బాబాయి దగ్గాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

ఒక నిమిషం గడిచింది. ఆయన గడ్డంతో చొక్కా అంచును ఛాతీకి అదిమిపెట్టాడు. ఆ ఉపాయం నేనెప్పుడూ చూడలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు ప్రయత్నించి కనిపెట్టాడో. గుండీ కన్నంలోకి సగం వెళ్ళింది. పెళ్ళయిన నాటి నుంచి ఈ మనిషి కోసం మొక్కుకుంటూనే ఉన్నాను. పరీక్ష గట్టెక్కాలని, ఉద్యోగం రావాలని, ఆపరేషను బాగా జరగాలని. ఆ రోజు మొదటిసారి, ఓడిపోవాలని మొక్కుకున్నాను. ఆ గుండీ పట్టకూడదు స్వామీ అని మొక్కుకున్నాను. సిగ్గేసింది. అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు.

గుండీ జారిపోయింది.

చాలు అని డాక్టరు చెయ్యి ఎత్తాడు. ఒక్క నిమిషం అన్నాడు మా ఆయన. మళ్ళీ మొదలుపెట్టాడు. మెడ మీద నుంచి చెమట కారి కాలరులోకి దిగుతోంది. కాగితాలు చూసే మనిషి తల తిప్పుకుని కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. గడియారంలో నాలుగు నిమిషాలు దాటాయి. అప్పుడు ఆయన ఎడమచెయ్యి దానంతట అది ఒళ్ళోకి పడిపోయింది. తిరిగి నా వైపు చూశాడు. నేను లేవలేదు.

"ఇవి రోజూ ఎవరు పెడతారు?" అని అడిగింది పెద్దావిడ.

"ఆవిడ" అన్నాడు, తల నా వైపే ఉంచి.

చెప్పులు? ఆవిడ. స్నానం? ఆవిడ. గడ్డం గీయడం, తల దువ్వడం, మాత్రలు రేకులోంచి తీయడం, అన్నం కలిపి చెంచా పెట్టడం, రాత్రి కాలు ఎత్తి దిండు మీద పెట్టడం? ఆవిడ, ఆవిడ, ఆవిడ. పడ్డారా? పడ్డాను. ఎవరు లేపారు? ఆవిడ. మాటలు మార్చే అమ్మాయి వాళ్ళ భాషలో ఒకటే చిన్నమాట మళ్ళీ మళ్ళీ అంటోంది. పెద్దావిడ కలం గీతలు గీస్తూనే ఉంది.

"ఆవిడ లేనప్పుడు?"

"వచ్చేదాకా ఆగుతానండి" అన్నాడు.

ఆ అమ్మాయి ఒక గుక్క నీళ్ళు తాగి ఆ మాట చెప్పింది.

మమ్మల్ని బయట కూర్చోబెట్టి అరగంటలో మళ్ళీ పిలిచారు. పద్దెనిమిది మార్కులు. పింఛను మంజూరు, దరఖాస్తు పెట్టిన నెల నుంచి లెక్క. పన్ను రాయితీకి సర్టిఫికెట్టు అక్కడే సంతకం పెట్టి ఇచ్చారు. బాబాయి ఆ కాగితాన్ని తన మనవరాలి మార్కుల కార్డులా రెండు చేతులా పట్టుకున్నాడు. డిపోలో కూడా ఇంత మర్యాద చూడలేదన్నాడు. జిరాక్సు తీయించుకొస్తానని మెట్లు దిగి వెళ్ళాడు.

వరండాలో బెంచీ మీద మేమిద్దరం మిగిలాం. నేను అక్కడి నుంచే ఆఫీసు ఊడ్చే పని మేస్త్రీకి ఫోను చేసి, ఒకటో తారీకు నుంచి రానని చెప్పాను. ఎందుకని కూడా అడగలేదు, సరే అని పెట్టేశాడు. మా ఆయన తన పాదాల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇన్ని చేస్తున్నావని నాకు ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

"చెప్పేదేముంది? మీ కళ్ళ ముందేగా చేస్తున్నాను."

"నేనే చేసుకుంటున్నాననుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. దాదాపు ఏడాది పాటు, రోజుకు గంటన్నరలో, బస్సు తప్పిపోతుందని గడియారం చూసుకుంటూ చేసిన చాకిరీ అంతా ఈయన తన ఖాతాలో వేసుకుని కూర్చున్నాడు. నోటికొచ్చినన్ని అందామని ఆయన ముఖం చూశాను. అబద్ధం లేదు ఆ ముఖంలో. నిజంగానే అలా అనుకున్నాడు. నా తొందరలో, తనకు చేతకాదన్న సంగతే ఆయనకు తెలియనివ్వకుండా చేసింది నేనే.

చొక్కా ఇంకా తెరిచే ఉంది. లేచి ఆయన ముందు నిలబడి పైగుండీ అందుకున్నాను.

"మెల్లగా పెట్టు" అన్నాడు. "చూడనీ."

మెల్లగానే పెట్టాను. ఆయన తల వంచి, రెండు గుండీలూ అయ్యేదాకా, నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు.